వేసవి సెలవులకు యూరప్ వెళ్తున్నారా? అక్కడి నిరసనల గురించి మన ఊరివారు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దాటగానే విజయవాడలో, గుంటూరులో వేసవి ప్రయాణాల మాట మొదలవుతుంది. పిల్లల పరీక్షలు ఎప్పుడు ముగుస్తాయి, ఏ వారం టికెట్లు చౌక, వీసా వేలిముద్రలకు హైదరాబాద్ ఎప్పుడు వెళ్ళాలి అన్న లెక్కలు సాగుతాయి. 2024 వేసవి తర్వాత ఈ లెక్కల్లోకి ఇంకో దిగులు వచ్చి చేరింది: ‘అక్కడి జనం టూరిస్టులను వెళ్ళిపొమ్మంటున్నారట, మనం వెళ్ళవచ్చా?’ గవర్నర్‌పేటలో ప్రయాణ ఏర్పాట్ల పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను కనుక ఈ ప్రశ్న వారానికి నాలుగైదుసార్లు నా బల్ల ముందుకు వస్తోంది. మళ్ళీ మళ్ళీ వచ్చేవాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

వీడియోలో చూసిన నీటి తుపాకుల సంగతి నిజమేనా?

నిజమే. 2024 జూలై 6న స్పెయిన్‌లోని బార్సిలోనాలో జరిగింది. పోలీసుల లెక్క ప్రకారం సుమారు 2,800 మంది ఊరేగింపుగా నడిచారు. వారిలో కొందరు, ఆరుబయట బల్లల దగ్గర కూర్చుని భోజనం చేస్తున్న పర్యాటకుల మీద పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ తుపాకులతో నీళ్ళు చిమ్మారు. కొన్ని హోటళ్ళ ముందు దారికి అడ్డంగా టేపు కట్టారు. మరుసటి ఏడాది 2025 జూన్ 15న స్పెయిన్, పోర్చుగల్, ఇటలీలలోని పలు ఊళ్ళలో ఒకే రోజు నిరసనలు జరిగాయి. ఆ రోజు బార్సిలోనాలో సుమారు 600 మంది నడిచారు. మళ్ళీ నీటి తుపాకులు కనిపించాయి, రంగుల పొగ వదిలారు, కొన్ని హోటళ్ళ గుమ్మాలకు స్టిక్కర్లు అంటించారు.

మీ ఫోనుకు ఇప్పుడు వస్తున్న వీడియోలలో చాలావరకు ఈ రెండు రోజులవే. తేదీ తీసేసి, కింద ‘నిన్న జరిగింది’ అని రాసి పంపుతున్నారు. వీడియో వస్తే ముందు అది ఏ ఏడాదిదో చూడండి.

మేము భారతీయులమని కోపమా?

ఈ నిరసనల్లో అలాంటి మాట లేదు. స్పెయిన్‌కు ఎక్కువగా వచ్చేది బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ వారు. ఊరేగింపులోని నినాదాలు వారినీ కలిపి పర్యాటకులందరి గురించి, అంతకంటే ఎక్కువగా తమ సొంత పాలకుల గురించి. చర్మం రంగును చూసి చులకన చేసే మనిషి ఏ దేశంలోనైనా ఎదురుకావచ్చు, అది వేరే సంగతి. ఆ భయాన్ని తెచ్చి దీనితో కలపవద్దు.

అసలు వారి బాధ ఏమిటి? డబ్బు తెచ్చి ఇస్తుంటే వద్దనడం ఏమిటి?

ఈ ప్రశ్నకు నాకు తెలిసినంత పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా జవాబులు మీకే తడతాయి.

వారి బాధ ఇళ్ళ గురించి. మిగతావి దాని తర్వాతే. బార్సిలోనా జనాభా సుమారు పదిహేడు లక్షలు. 2024లో ఆ ఊరికి వచ్చిన పర్యాటకులు కోటిన్నరకు పైగా. స్పెయిన్ మొత్తానికి ఆ ఏడాది సుమారు 9.4 కోట్ల మంది విదేశీయులు వచ్చారు. ఆ దేశ జనాభా ఐదు కోట్లకు కాస్త తక్కువ. ఇంతమందీ హోటళ్ళలోనే దిగరు. ఇంటి యజమానికి నెల అద్దె కంటే రోజు అద్దె ఎక్కువ గిట్టుబాటు. అందుకని ఏళ్ళ తరబడి కాపురమున్న కుటుంబం ఖాళీ చేస్తే ఆ వాటాను మరో కుటుంబానికి ఇవ్వడం మానేసి, నాలుగు రోజులుండి పోయేవారికి ఇస్తున్నారు. పదేళ్ళలో అద్దెలు 68 శాతం పెరిగాయని బార్సిలోనా మేయర్ జౌమె కొల్బోనీ 2024 జూన్‌లో చెప్పారు. అనుమతి ఉన్న 10,101 పర్యాటక అపార్ట్‌మెంట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని అప్పుడే ప్రకటించారు.

విజయవాడవారికి ఈ బాధ కొత్తది కాదు. 2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని ఇటు వస్తోందని తెలిసిన నెలల్లో మన ఊళ్ళో అద్దెలు ఎలా ఎగిరాయో గుర్తు చేసుకోండి. మా పిన్ని కుటుంబం పటమటలో పదకొండేళ్ళు ఉన్న వాటాను వదిలి పోరంకి అవతలికి వెళ్ళింది. ఇంటాయన చెడ్డవాడు కాదు, ఆయనకు ఎక్కువ ఇచ్చేవారు దొరికారు. కొత్తగా దిగినవారి తప్పూ లేదు, ఉద్యోగం బదిలీ అయితే వచ్చారు. అయినా ఆ ఏడాదంతా పిన్ని పాత వీధి మీదుగా వెళ్ళాల్సి వస్తే తల తిప్పుకుని నడిచేది. ఎవరిని అనాలో తెలియని కోపం అది. నీటి తుపాకులు పట్టుకున్నవారి వీడియో మొదటిసారి చూసినప్పుడు నాకు పిన్ని ముఖమే గుర్తుకు వచ్చింది.

ఇళ్ళ తర్వాత వీధి. కూరగాయల కొట్టు ఉన్నచోట సూట్‌కేసులు భద్రపరిచే కొట్టు వస్తుంది, చెప్పులు కుట్టే ఆయన ఉన్నచోట ఐస్‌క్రీం దుకాణం వస్తుంది. ఆ ఊళ్ళో ఉండే ముసలమ్మకు ఐస్‌క్రీంతో పనిలేదు. ఆ తర్వాత నీళ్ళు: 2024 ఫిబ్రవరిలో కరవు వల్ల బార్సిలోనాతో సహా, ఆ నగరమున్న కాటలోనియా ప్రాంతంలో నీటి వాడకంపై అత్యవసర ఆంక్షలు పెట్టారు. ఇంట్లో నీళ్ళు పొదుపుగా వాడుకుంటున్నవారికి హోటళ్ళ ఈత కొలనులు కంట్లో పడకుండా ఉండవు.

ఇది బార్సిలోనాకే పరిమితమా?

లేదు. స్పెయిన్‌కే చెందిన కెనరీ దీవులలో 2024 ఏప్రిల్ 20న వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. ‘కెనరీ దీవులకు ఒక హద్దు ఉంది’ అన్నది వారి నినాదం. పర్యాటకమే వద్దని వారు అనలేదు, హద్దు పెట్టమన్నారు. అదే ఏడాది జూలైలో మయోర్కా దీవిలోని పాల్మా నగరంలో పెద్ద ఊరేగింపు జరిగింది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే సరస్సు ఒడ్డు పల్లె ఉంది. వెయ్యి మంది కూడా లేని ఆ ఊరికి రద్దీ రోజుల్లో పది వేల మంది వస్తారు. 2023 ఆగస్టులో అక్కడివారు రోడ్డెక్కి దారి ఆపారు. వెనిస్ పాత పట్టణంలో 1950ల మొదట్లో సుమారు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. ఆ ఊరి బాధ ఏమిటో ఆ రెండు అంకెలే చెబుతాయి.

మన సెలవులు మే నెలలో కదా, అప్పుడూ ఇవి ఉంటాయా?

ఇది మనకు అనుకూలమైన విషయం. మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు సెలవులు. యూరప్ పిల్లలకు సెలవులు జూన్ చివర్లో మొదలై ఆగస్టు దాకా సాగుతాయి, అసలు రద్దీ అప్పుడే. బార్సిలోనాలో పెద్ద ఊరేగింపులు జూన్ మధ్య, జూలై మొదటి వారం ప్రాంతాల్లో జరిగాయి. కెనరీ దీవులది మాత్రం ఏప్రిల్‌లోనే జరిగింది కనుక మేలో ఏమీ ఉండదని మాట ఇవ్వలేను. అయినా మే నెల మంచిది: ఎండ తక్కువ, వరుసలు పొట్టి, స్థానికులకు ఓపిక ఇంకా మిగిలి ఉంటుంది. జూలైలో సెవిల్ వంటి దక్షిణాది ఊళ్ళలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల ఎండ తప్పించుకుందామని వెళ్ళి అక్కడ దానికే చిక్కుకోవడం ఎందుకు?

టికెట్లు, వీసా అన్నీ అయిపోయాయి. ఇప్పుడు రద్దు చేసుకోవాలా?

నా ఉద్దేశంలో అక్కర్లేదు. వెళ్ళండి.

రద్దు చేసుకుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటే సరిపోయే షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు 45 యూరోలు. అది తిరిగి రాదు. ప్రయాణ బీమా ఉంది కదా అంటారు. వీసా కోసం తీసుకునే బీమా ప్రధానంగా వైద్య ఖర్చులకు, కనీసం 30,000 యూరోల మేరకు. ప్రయాణం రద్దు పరిహారం అందులో ఉన్నా, అది పత్రంలో రాసిన కారణాలకే, అంటే అనారోగ్యం, దగ్గరి బంధువు మరణం వంటివాటికే వస్తుంది. టీవీలో చూసి భయం వేసింది అంటే ఏ కంపెనీ కూడా చెల్లించదు.

చాలామంది చేసే ఇంకో పొరపాటు: స్పెయిన్‌లో ఎక్కువ రోజులు చూపించి స్పెయిన్ వీసా తీసుకుంటారు, తర్వాత భయపడి, ఆ రోజులన్నీ ఇటలీకి మార్చేస్తారు. ఎక్కువ రోజులు ఉండే దేశం దగ్గర వీసా తీసుకోవాలన్నది నియమం. సరిహద్దు అధికారి హోటల్ కాగితాలు అడిగితే జవాబు చెప్పుకోవడం కష్టమవుతుంది. మార్చుకోదలిస్తే దరఖాస్తుకు ముందే మార్చుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు కనుక ఆలోచించడానికి కావలసినంత సమయం ఉంది.

బ్రాడీపేట నుంచి మా అత్తగారు రోజూ ఫోను చేసి వెళ్ళవద్దంటున్నారు. ఏమి చెప్పాలి?

ఆవిడకు పైన చెప్పిన అద్దెల కథ చెప్పండి. ‘అక్కడ గొడవ’ అన్న రెండు మాటలే విన్నవారు ఏదో కత్తులూ కర్రలూ ఊహించుకుంటారు. అద్దె ఇళ్ళు దొరకక జనం ఊరేగింపు తీశారని చెబితే, జీవితంలో పది ఇళ్ళు మారిన ఆవిడకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రోజుకొకసారి ఏ వేళకు ఫోను చేస్తారో ముందే చెప్పి, ఆ వేళకు చేయండి. మే నెలలో స్పెయిన్, ఇటలీల కంటే మన గడియారం మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం ఐదున్నర అంటే ఆవిడకు రాత్రి తొమ్మిది.

వంట చేసుకోవాలి కనుక అపార్ట్‌మెంటే కావాలి. తీసుకోవచ్చా?

అన్నిటికంటే నేను ఎక్కువసేపు మాట్లాడేది ఈ ప్రశ్న గురించే. నిరసనకారుల బాధకూ మన ప్రయాణానికీ నేరుగా ముడిపడే చోటు ఇది.

మన కుటుంబాలకు అపార్ట్‌మెంట్ ఎందుకు కావాలో నాకు తెలుసు. తాతయ్యకు పూటకింత అన్నం, పెరుగు ఉండాలి. పిల్ల మూడో రోజుకు బ్రెడ్ చూసి ఏడుస్తుంది. ఆరుగురికి హోటల్ అంటే మూడు గదులు, అపార్ట్‌మెంట్ అయితే ఒక్కటే అద్దె. ఈ అవసరం న్యాయమైనదే. కానీ మీరు దిగే ఆ వాటా నిన్నటిదాకా ఎవరి కాపురమో ఒకసారి అడగండి.

బార్సిలోనా, పాల్మా, వెనిస్ వంటి ఊళ్ళలో నేను హోటల్ గాని, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ గాని తీసుకోమంటాను. రెండోది హోటల్ అనుమతితోనే కట్టిన భవనం. గదిలో చిన్న పొయ్యి, ఫ్రిజ్ ఉంటాయి, కింద రిసెప్షన్ ఉంటుంది. ఎవరి ఇంటినీ ఖాళీ చేయించి పెట్టింది కాదు. అర్ధరాత్రి మనిషికి బాగాలేకపోతే పిలవడానికి ఒకరుంటారు. ధర కాస్త ఎక్కువే. ఆ తేడాను ఒక రోజు తగ్గించుకుని సర్దుకోమని చెబుతున్నాను.

తప్పనిసరిగా మామూలు అపార్ట్‌మెంటే తీసుకుంటే, రిజిస్ట్రేషన్ సంఖ్య లేనిది తీసుకోకండి. స్పెయిన్‌లో 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్‌లో రోజు అద్దెకు పెట్టే ప్రతి ఇంటికీ ఆ సంఖ్య ఉండాలి. అంతకు ముందు మే నెలలోనే, నియమాలు పాటించని 65 వేలకు పైగా ప్రకటనలను తొలగించమని అక్కడి వినియోగదారుల హక్కుల మంత్రిత్వ శాఖ, ఇళ్ళను రోజు అద్దెకు చూపే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థను ఆదేశించింది. ఇటలీలో 2025 నుంచి ఇలాంటి ఇళ్ళకు జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి. అనుమతి లేని ఇల్లు తీసుకుంటే మీరు దిగేనాటికి ఆ ప్రకటనే ఉండకపోవచ్చు. ముసలివారితో, సామానుతో రాత్రి పదింటికి తెలియని వీధిలో నిలబడే పరిస్థితి ఊరేగింపు కంటే ఎన్నో రెట్లు కష్టం. రెండేళ్ళ క్రితం ఒక కుటుంబం నాకు అలా రోడ్డు మీద నుంచే ఫోను చేసింది. ఇక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటింది. హోటల్ దొరికేసరికి తెల్లవారుజాము మూడైంది.

వంట సామాను సంగతి: పాలతో చేసినవి, మాంసంతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకువెళ్ళనివ్వరు. నెయ్యి సీసా, కోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే ఉంచండి. కందిపొడి తీసుకువెళ్ళండి. పెరుగు అక్కడ ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది.

దారిలో ఊరేగింపు ఎదురైతే ఏమి చేయాలి?

పక్క సందులోకి తిరిగి, రెండు వీధులు దాటి వెళ్ళిపోండి. స్పెయిన్‌లో ఊరేగింపు తీయాలంటే కనీసం పది రోజుల ముందు అధికారులకు తెలియజేయాలి. అందువల్ల దారి ముందే ఖరారై ఉంటుంది, పోలీసులు వెంట ఉంటారు, ఆ వారం పత్రికల్లో వస్తుంది. బస చేసిన హోటల్‌లో ఉదయం అడిగితే ఏ వేళకు ఏ వీధి అని చెబుతారు.

ఫోను పైకెత్తి వారి ముఖాలను తీయకండి. వారు సరదాకు వచ్చినవారు కాదు. ఎదురు మాట్లాడకండి, నవ్వకండి కూడా. పిల్లల చేతులు పట్టుకుని గోడవైపు నడవండి. ఆరుబయట బల్ల దగ్గర తింటున్నప్పుడు జనం వస్తే లోపలికి మారుతామని వెయిటర్‌కు చెప్పండి. ఎవరైనా నీళ్ళు చిమ్మితే తుడుచుకుని లేచి వెళ్ళండి. అవమానంగా ఉంటుంది, నిజమే. ఆ మంటలో ఒక మాట అంటే అది పెరుగుతుంది.

వెనిస్‌లో అడుగు పెట్టడానికే డబ్బు తీసుకుంటున్నారట?

ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవారి దగ్గర, కొన్ని రోజుల్లో మాత్రమే. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు. ఆ ఏడాది 29 రోజులు, 5 యూరోలు. 2025లో 54 రోజులకు పెంచారు. ముందుగా కడితే 5, ఆఖరి రోజుల్లో కడితే 10. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు వర్తిస్తుంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు లేదు. రాత్రి బస చేసేవారికి కూడా లేదు. వంతెన అవతల మెస్త్రెలో దిగినా అది వెనిస్ పురపాలక పరిధిలోదే కనుక కట్టనక్కర్లేదు, మినహాయింపు కోడ్ మాత్రం తీసుకోవాలి. మీరు వెళ్ళే ఏడాది తేదీలు వెనిస్ నగర అధికారిక సైట్‌లో చూసుకోండి.

మన ప్యాకేజీ బస్సులు వెనిస్‌ను నాలుగు గంటల్లో ముగించేస్తాయి. ఆ ఊరివారికి అన్నిటికంటే భారమైన రాక అదే. ఒక రాత్రి ఉండండి. సాయంత్రం ఆరు తర్వాత పడవల రద్దీ తగ్గి, కాలువ పక్కన ఇళ్ళలోంచి గిన్నెల చప్పుడు వినిపించే వెనిస్ వేరు.

నలభై మంది బృందంతో ప్యాకేజీ టూరుకు వెళ్తున్నాం. ఇబ్బందా?

వెనిస్‌లో 2024 నుంచి గైడు వెంట నడిచే బృందం 25 మందికి మించకూడదు, లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మీ సంస్థ బృందాన్ని రెండుగా విడగొడుతుందా, ఇద్దరు గైడ్లు ఉంటారా అని డబ్బు కట్టేముందే అడగండి. గ్రీసు రాజధాని ఏథెన్స్‌లోని పురాతన కొండకోట అక్రోపోలిస్‌కు రోజుకు 20,000 మంది అన్న పరిమితి 2023 సెప్టెంబరు నుంచి ఉంది, గంటల వారీగా టికెట్లు ఇస్తారు. టికెట్ మీ చేతికి ముందే ఇస్తారా లేదా కూడా అడగండి.

నిరసనల వల్ల చూడవలసినవి మూతపడతాయా?

ఊరేగింపు వల్ల మూతపడటం అరుదు. సమ్మె వల్ల పడతాయి. 2025 జూన్ 16న పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం సిబ్బంది, జనం తాకిడి భరించలేకపోతున్నామని ముందస్తు ప్రకటన లేకుండా పని ఆపేశారు. టికెట్లు చేతపట్టుకున్నవారు బయట గంటల తరబడి నిలబడ్డారు. పారిస్‌లో మొదటి రోజే లూవ్ర్ పెట్టుకోండి. తప్పితే ఇంకో రోజు మిగులుతుంది.

ఇటలీలో రైలు సమ్మెలు మామూలే. స్టేషన్ తెరమీద ‘షోపెరో’ అన్న మాట కనిపిస్తే సమ్మె అని అర్థం. పనిరోజుల్లో సమ్మె ఉన్నా ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య ప్రాంతీయ రైళ్ళు కొన్ని తప్పక నడపాలన్న నియమం ఉంది. తిరుగు విమానం ఉన్న రోజున ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రైలు పెట్టుకోకండి.

2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. వరుసలు పెరిగాయి. దిగిన ఊళ్ళో రెండో విమానానికి కనీసం మూడు గంటల తేడా ఉంచండి.

స్థానికులకు కష్టం కలగకుండా ఎలా మెలగాలి?

మా పుట్టిల్లు వన్‌టౌన్‌లో, బ్రాహ్మణ వీధికి ఆనుకుని ఉన్న సందులో. దసరా తొమ్మిది రోజులూ ఇంద్రకీలాద్రికి వచ్చే జనం మధ్యే పెరిగాను. ఆ రోజుల్లో మా సందులోకి ఆటో రాదు. నాన్న స్కూటర్ ఎక్కడో పెట్టి నడిచి వచ్చేవారు. అమ్మవారి భక్తులు కనుక ఎవరూ విసుక్కునేవారు కాదు. అయినా తేడా మాకు తెలిసేది. ‘అమ్మా, కాసేపు అరుగు మీద కూర్చుంటాం’ అని అడిగినవారికి మా అమ్మ చాప వేసి మజ్జిగ ఇచ్చేది. అడగకుండా గేటు తీసి, కుళాయి దగ్గర బట్టలు ఉతికి, వాకిట్లో విస్తరి పడేసి పోయినవారి సంగతి దీపావళిదాకా చెప్పుకునేవాళ్ళం. 2016 పుష్కరాలలో మా వీధివారందరం వంతులవారీగా మంచినీళ్ళు పోశాం, పన్నెండో రోజుకు మేమూ అలసిపోయాం.

బార్సిలోనా వీధిలో ఉన్నవారికి పన్నెండేళ్ళకొకసారి పన్నెండు రోజులు కాదు, ఏడాది పొడవునా పుష్కరాలే. ఆ ఇంట్లో ముసలివారు నిద్రపోతున్నారని, రేపు పొద్దున్నే ఎవరో పనికి వెళ్ళాలని తలచుకుంటే ఎలా మెలగాలో మనకే తెలుస్తుంది. రాత్రి పది దాటాక రాళ్ళ వీధిలో చక్రాల సూట్‌కేసు లాగకండి, ఎత్తి పట్టుకోండి. బాల్కనీలోంచి మన ఊరికి వీడియో కాల్ గట్టిగా మాట్లాడకండి. మెట్రో తలుపు దగ్గర పదిమందీ గుమిగూడకండి. దుకాణంలోకి అడుగు పెట్టగానే పలకరించండి: బార్సిలోనాలో ‘బోన్ దియా’, మాడ్రిడ్‌లో ‘బ్యూనోస్ దియాస్’, ఇటలీలో ‘బోన్‌జోర్నో’. పలకరింపు లేకుండా ధర అడిగితే అక్కడ మర్యాద తక్కువగా తీసుకుంటారు.

భోజనం ప్రధాన కూడలిలో కాకుండా నాలుగు వీధులు లోపలికి వెళ్ళి చేయండి. డబ్బు ఆ వీధివారికి అందుతుంది.

అసలు వెళ్ళకపోవడమే వారికి మేలు కాదా?

కొందరు మనసున్న పిల్లలు ఇలా అడుగుతున్నారు, సంతోషం. స్పెయిన్ ఆదాయంలో పన్నెండు, పదమూడు శాతం పర్యాటకం మీద వస్తుంది. హోటల్ గది ఊడ్చే మనిషి, వంటవాడు, డ్రైవరు దాని మీద బతుకుతున్నారు. ఊరేగింపులో నడిచినవారిలో కూడా అలాంటివారు ఉన్నారు. వారు అడుగుతున్నది మందిని తగ్గించమని, ఇళ్ళను ఇళ్ళుగా ఉంచమని. బార్సిలోనా నగరం ఓడరేవుతో 2025 జూలైలో చేసుకున్న ఒప్పందం ప్రకారం క్రూయిజ్ టెర్మినళ్ళను 2030 నాటికి ఏడు నుంచి ఐదుకు తగ్గిస్తారు. కొన్ని గంటలకు దిగి వెళ్ళేవారిని తగ్గించే ప్రయత్నం అది. తక్కువ ఊళ్ళు పెట్టుకుని, ఒక్కో ఊళ్ళో ఎక్కువ రోజులుండే కుటుంబం వారికి భారం కాదని నా నమ్మకం.

రద్దీ తక్కువ ఊళ్ళు ఏవైనా చెబుతారా?

స్పెయిన్‌లో జరగోజా, రోమన్ల కట్టడాలున్న మెరిదా. పోర్చుగల్‌లో కోయింబ్రా, ఎవోరా. ఇటలీలో టురిన్, ట్రియెస్తె. పిల్లలకు సగ్రదా ఫమీలియా చూడాలని ఉంటే బార్సిలోనా మానుకోకండి. దాన్ని రూపొందించిన గౌడీ 1926లో చనిపోయారు, ఆ చర్చి పని నూరేళ్ళ తర్వాతా సాగుతూనే ఉంది. సమయం రాసి ఉన్న టికెట్ ముందుగా కొనండి.

యూరప్ వద్దు, జపాన్ వెళ్తాం. అక్కడ ఇవేమీ లేవు కదా?

ఊరేగింపులు లేవు, విసుగు ఉంది. క్యోటోలో గేషాలనే సంప్రదాయ కళాకారిణులు తిరిగే గియోన్ పేటలో కొన్ని ప్రైవేటు సందుల్లోకి 2024 నుంచి పర్యాటకులు వెళ్ళకూడదు. వెళ్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. ఫ్యూజీ పర్వతం కనిపించే ఒక దుకాణం ఎదుట ఫొటోల కోసం జనం రోడ్డు మీద నిలబడుతుంటే, 2024 మే నెలలో ఫుజికవగుచికో పట్టణంవారు ఆ దృశ్యానికే నల్లటి తెర కట్టేశారు. తమకు దక్కిన అందాన్ని తామే మూసుకోవలసి వచ్చిందంటే ఎంత విసిగి ఉంటారో చూడండి.

ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చేయాలి?

యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడైనా 112. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక దళం మూడింటికీ అదే. మాడ్రిడ్, లిస్బన్, రోమ్, ఏథెన్స్‌లలో మన రాయబార కార్యాలయాలు ఉన్నాయి; ఆ నంబర్లు కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి. పాస్‌పోర్టు నకళ్ళు రెండు చోట్ల ఉంచండి. నిజం చెప్పాలంటే బార్సిలోనా మెట్రోలో మీరు జాగ్రత్తపడవలసింది జేబుదొంగల గురించి. సంచి ముందుకు వేసుకోండి.

మీరైతే వెళ్తారా?

ఈ మే నెలలో వెళ్తున్నాను. పిన్నిని తీసుకువెళ్తున్నాను, పోరంకి వెళ్ళిన ఆ పిన్నినే. నాలుగు రోజులు బార్సిలోనాలో, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్. వీడియోలు ఆమెకు ముందే చూపించాను. నీళ్ళ సంగతి ఆమె అడగలేదు. ‘ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళు ఎక్కడికి పోయారు?’ అని అడిగింది. చుట్టుపక్కల ఊళ్ళకు, బదలోనా వంటి చోట్లకు వెళ్ళారని చెప్పాను. అది ఎంత దూరమంది. మెట్రోలో అరగంట అన్నాను. ఒక పూట అక్కడికి కూడా తీసుకువెళ్ళమంది.